ఇంటర్నెట్టు సేవలు – పాల సంఘాలలో వాటి వాడకం



పాల కేంద్రాల దగ్గర ఈ మధ్య తరచుగా వినిపించే మాట ఒకటుంది. "నెట్టు లేదండి, రేపు రండి." పాలు పోసినవారికి చీటీ రాకపోతే ఇదే మాట. బిల్లు సొమ్ము ఖాతాలో పడకపోతే ఇదే మాట. పశువు చెవి పోగు నంబరు ఎక్కకపోయినా, యూనియను నుండి రావలసిన ఉత్తరువు అందకపోయినా ఇదే మాట. వినేవారు కూడా సరేనని తల ఊపి వెళ్ళిపోతారు. కాని ఈ నాలుగు ఇబ్బందులకూ కారణం ఒకటి కాదు. ఒకదానికి కరెంటు కారణం కావచ్చు, ఒకదానికి బ్యాంకు, ఒకదానికి మరచిపోయిన పాస్‌వర్డు. కారణం తెలియనప్పుడు నివారణ కూడా తెలియదు. అందువలన ఇంటర్నెట్టులోని ముఖ్యమైన సేవలు ఏవి, ఏది దేనికి పనికివస్తుంది, ఏది ఆగితే ఏమి చేయాలి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచాము. కోనసీమ సంఘాలను దృష్టిలో పెట్టుకొని వ్రాస్తున్నాము. అందుకు కారణం ముందు ముందు తెలుస్తుంది.

కాలువ వేరు, తూము వేరు

ఇంటర్నెట్టు అంటే ఒక యంత్రం కాదు, ఒక కంపెనీ కాదు. కోనసీమవారికి కాలువను చూపించి చెబితే సులభంగా తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన నీరు మధ్య డెల్టాలో పారి, గన్నవరం దగ్గర అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు వైపు చేరుతుంది. నీరు ఒకటే. ఆ నీటితోనే వరి పండుతుంది, కొబ్బరి తోట తడుస్తుంది, ఊరి మంచినీటి చెరువు నిండుతుంది. ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క తూము, ఒక్కొక్క బోదె. ఒకరి తూము పూడిపోయినంత మాత్రాన కాలువ ఎండిపోయిందని ఎవరూ అనరు. అట్లాగే అక్విడెక్టు దగ్గర నీరు కట్టివేస్తే దాని దిగువన ఎన్ని తూములు బాగు చేసుకొన్నా ప్రయోజనం లేదు.

ఇంటర్నెట్టు అటువంటి కాలువ. వెబ్‌సైటు, ఈ-మెయిలు, వాట్సాప్, ఫోన్‌పే, పాల సేకరణ సాఫ్ట్‌వేరు వగైరాలు దాని మీది తూములు. కావున ఇబ్బంది వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఆగినది కాలువా, తూమా? ఫోనులో వాట్సాప్ నడుస్తూ, పాల సాఫ్ట్‌వేరు మాత్రం తెరుచుకోకపోతే కాలువ బాగానే ఉన్నది, తూము దగ్గర లోపమున్నదని అర్థం. అప్పుడు రూటరును పదిసార్లు ఆపి వేయడం వృథా ప్రయాస. యూనియను కార్యాలయానికి ఫోను చేయాలి. ఏదీ నడవకపోతే లోపం కాలువలోనే ఉన్నది.

కాలువ మన ఊరికి ఎట్లా వస్తుంది?

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టును విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. అప్పట్లో టెలిఫోను తీగ ద్వారా, పెద్ద నగరాలలో మాత్రమే దొరికేది. ఇప్పుడు గ్రామాలకు అది ముఖ్యంగా రెండు మార్గాలలో వస్తున్నది.

మొదటిది మొబైలు డేటా. టవరు నుండి గాలిలో ఫోనుకు చేరుతుంది. ఎక్కడికైనా వెంట తీసుకుపోవచ్చు. కాని ఒకే టవరు కింద వాడేవారు ఎక్కువైతే అందరికీ మందగిస్తుంది. లంక గ్రామాలలోను, దట్టమైన తోటల మధ్యను సంకేతం తగ్గవచ్చు.

రెండవది ఫైబరు. జుట్టు వెంట్రుక వంటి సన్నని గాజుపోగులో వెలుగు రూపంలో సమాచారం ప్రయాణిస్తుంది. ఈ విషయంలో కోనసీమకు ఒక ప్రత్యేకత ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ మొదటి దశను 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు ప్రారంభించినది సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలోనే. జీడిపప్పుకు పేరుపడిన ఆ ఊరును స్మార్ట్ గ్రామానికి నమూనాగా ఎంచుకొన్నారు. అందులో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు కూడా పాలుపంచుకొన్నారు. భూమిని తవ్వి తీగ పాతిపెట్టే ఖర్చు, కాలయాపన లేకుండా ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగానే తీగ లాగడం ఈ పథకపు విశేషం. ఒకే తీగమీద ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడూ ఇవ్వడం దాని ఉద్దేశం.

స్తంభం మీది తీగకు లాభము, నష్టము రెండూ ఉన్నాయి. త్వరగా వస్తుంది. కాని కొబ్బరిచెట్టు విరిగి పడితే కరెంటు తీగతో పాటు అదీ తెగుతుంది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి ప్రాంతంలో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటిన సంగతి మీకు తెలిసినదే. తుఫాను వచ్చిన ప్రతిసారీ మొదట పోయేది కరెంటు. తీగ తెగకపోయినా, కేంద్రంలోని ఫైబరు పెట్టెకు కరెంటు లేకపోతే అది పనిచేయదు. బల్క్ కూలరుకు జనరేటరు పెట్టిన సంఘాలు ఈ చిన్న పెట్టెను కూడా దానికే కలుపుకోవడం మంచిది. అది వాడే కరెంటు చాలా స్వల్పం.

ఇక వైఫై గురించి ఒక మాట. వైఫై అంటే ఇంటర్నెట్టు కాదు. గదిలోని పెట్టె నుండి ఫోను వరకు ఉన్న నాలుగు గజాల దారి మాత్రమే. ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తే పెట్టె దగ్గరగా ఉన్నదని తెలుస్తుంది. పెట్టెలోకి నీరు వస్తున్నదో లేదో దానివల్ల తెలియదు.

ఈ రెండు మార్గాలతో సంబంధం లేకుండా పనిచేసేవి కూడా ఫోనులో ఉన్నాయి. మాట్లాడుకోవడం, సాధారణ ఎస్.ఎం.ఎస్., నక్షత్రం గుర్తుతో మొదలయ్యే *99# వంటి సంకేతాలు – వీటికి డేటా అవసరం లేదు. బటన్ల ఫోనులో కూడా నడుస్తాయి. వీటిని గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాము.

సేవలు – వాటి స్వభావం

1. వెబ్‌సైటు: ఇది గోడమీది నోటీసు బోర్డు వంటిది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లండు దేశీయుడు స్విట్జర్లాండులోని ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తూ దీనికి రూపకల్పన చేశారు. మనం వెళ్ళి చదువుకోవాలి, అది మన దగ్గరకు రాదు. మీభూమిలో అడంగల్ చూసుకోవడం, ప్రభుత్వ పథకాల నిబంధనలు చదవడం దీని ద్వారానే. వెబ్‌సైటు పేరు ఒక్క అక్షరం తేడాతో మోసగాళ్ళు నకిలీవి పెడతారు. కావున ఎవరో పంపిన లింకు నొక్కి వెళ్ళవద్దు. పేరును స్వయంగా టైపు చేసి వెళ్ళాలి.

2. ఈ-మెయిలు: ఇది రిజిస్టర్డు ఉత్తరం వంటిది. 1971 నుండి వాడుకలో ఉన్నది. ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఏ గంటకు పంపారో నిలిచి ఉంటుంది. యూనియనుతోను, బ్యాంకుతోను, ఆడిటరుతోను జరిపే ఉత్తర ప్రత్యుత్తరాలకు ఇది తగినది. చాలా సంఘాలు ఒక పొరపాటు చేస్తున్నాయి. కార్యదర్శిగారి సొంత మెయిలునే సంఘానికి వాడుతున్నారు. కార్యదర్శి మారిన రోజున సంఘపు ఉత్తరాలన్నీ ఆయనతో పాటు ఇంటికి వెళ్ళిపోతాయి. సంఘం పేరున వేరే మెయిలు తెరిచి, పాస్‌వర్డును కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి సీలు వేసి, మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో భద్రపరచాలి.

3. వాట్సాప్ వంటి సందేశ సేవలు: ఇవి రచ్చబండ వంటివి. మాట త్వరగా పాకుతుంది, త్వరగా కొట్టుకుపోతుంది. "ఈ సాయంత్రం టీకాలు వేస్తారు", "దాణా లారీ వచ్చింది" వంటి కబుర్లకు ఇంతకంటె మంచి సాధనం లేదు. గల్ఫులో ఉన్న కొడుకును, కూతురిని రోజూ చూసి మాట్లాడుకొనే కుటుంబాలు కోనసీమలో ఎన్నో ఉన్నాయి. ప్రభుత్వం కూడా 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా ధ్రువపత్రాలు, బిల్లుల చెల్లింపు వంటి సేవలను ప్రారంభించింది. దాని నంబరు 95523 00009.

అయితే "గ్రూపులో పెట్టాము కదా" అన్నది నోటీసు కాదు. మహాజన సభ నోటీసును సంఘపు ఉపనిబంధనలలో ఉన్న పద్ధతిలోనే ఇవ్వాలి. వాట్సాప్ దానికి అదనం మాత్రమే. పైగా పాలు పోసే సభ్యురాలి పేర నమోదైన నంబరు చాలా ఇళ్ళలో ఆమె దగ్గర ఉండదు. హైదరాబాదులోనో, కువైట్‌లోనో ఉన్న కుమారుని దగ్గర ఉంటుంది. సందేశం సముద్రం దాటి వెళుతుంది. ప్రక్క వీధిలో ఉన్న ఆమెకు మాత్రం తెలియదు.

4. చెల్లింపు సేవలు: యు.పి.ఐ. పద్ధతి 2016లో వచ్చింది. ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్ వంటివన్నీ దీనిమీద నడిచేవే. ఇక్కడ ఒక విషయం అందరూ గ్రహించాలి. డబ్బు ఫోనులో ఉండదు, బ్యాంకులో ఉంటుంది. ఫోను చేసేది ఉత్తరువు ఇవ్వడం మాత్రమే. మన బ్యాంకు, అవతలివారి బ్యాంకు, మధ్యనున్న జాతీయ చెల్లింపుల సంస్థ – ఈ మూడూ పలికితేనే పని జరుగుతుంది. "సొమ్ము కట్ అయింది, అవతల పడలేదు" అన్నప్పుడు లోపం చాలాసార్లు ఈ మూడింటిలో ఒకదానిదే. కంగారుపడి రెండవసారి పంపవద్దు. ముందు ఖాతా నిల్వ చూసుకోవాలి.

మరొక నియమాన్ని గోడమీద వ్రాసి పెట్టుకోవాలి. సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ నంబరు ఎన్నడూ అవసరం లేదు. పంపడానికి మాత్రమే అవసరం. "మీకు బోనసు వచ్చింది, పిన్ కొట్టండి" అన్నవాడు ఇచ్చేవాడు కాదు, తీసుకొనేవాడు.

5. పాల సేకరణ సాఫ్ట్‌వేరు: సంఘానికి ప్రాణం వంటిది ఇదే. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ రూపొందించిన ఏ.ఎం.సి.ఎస్. గాని, ఆయా యూనియనులు ఎంచుకొన్న మరొకటి గాని, పని ఒకటే. తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం చెప్పిన అంకెలను కంప్యూటరు తీసుకొని, ధర కట్టి, చీటీ ఇచ్చి, లెక్కను దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుకు పంపుతుంది. ఆ పెద్ద కంప్యూటరులో దాచుకోవడాన్నే క్లౌడు అంటున్నారు. అది మేఘంలో లేదు. ఏదో నగరంలో, ఒక భవనంలో ఉన్న యంత్రమే.

ఒక లెక్క చూడండి. లెక్క సులువుకోసం వెన్న ఒక్కదానికే ధర కట్టి, కిలో వెన్నకు రూ. 800 అనుకొందాము. ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల పాలు పోస్తుంది. వెన్న 7.0 శాతం. అంటే 350 గ్రాముల వెన్న, రూ. 280. ఇంటర్నెట్టు లేని పూట చీటీ రాక, చేత్తో వ్రాసేటప్పుడు 7.0 బదులు 6.7 పడిందనుకొందాము. 335 గ్రాములు, రూ. 268. పూటకు 12 రూపాయల తేడా. పది రోజుల బిల్లులో ఇరవై పూటలూ ఇట్లాగే జరిగితే రూ. 240 ఆమెకు నష్టం. ఆ రోజు చీటీ చేతిలో ఉంటే వెంటనే అడుగుతుంది. పది రోజుల తరువాత ఏమని అడుగుతుంది? ఎవరిని అడుగుతుంది? సహకార సంఘం నిలబడినది ఆ చీటీ మీదనే. పాలు పోసిన క్షణాన, పోసినవారి కళ్ళ ఎదుట, తూకమూ వెన్నశాతమూ చెప్పి వ్రాసి ఇవ్వడమే మన పద్ధతి. ఇంటర్నెట్టు ఆ పనిని తేలిక చేయడానికి వచ్చింది. అది లేదని ఆ పనిని మానరాదు.

6. పశువుల రికార్డు, వైద్యం: పశువు చెవికి వేసే పోగుమీది 12 అంకెల నంబరుతో దాని టీకాలు, కృత్రిమ గర్భధారణ, చికిత్స వివరాలు భారత్ పశుధన్ అనే జాతీయ రికార్డులో నమోదవుతాయి. పశువును కొనేటప్పుడు, బీమా చేయించేటప్పుడు ఇది ఆధారం. సంచార పశు వైద్యశాలను పిలవడానికి మాత్రం ఇంటర్నెట్టు అక్కరలేదు. 1962 నంబరుకు మామూలు ఫోను చేస్తే చాలు.

7. వాతావరణ సేవలు: వాతావరణ శాఖవారి మేఘదూత్ వానల సూచన ఇస్తుంది. దామిని అనేది పిడుగు పడే ప్రాంతాన్ని ముందుగా హెచ్చరిస్తుంది. ఏటిగట్టున, లంకలలో పశువులను మేపేవారు దామినిని ఫోనులో ఉంచుకోవడం అవసరం.

2022 మే నెల నేర్పినది

ఇప్పుడు కోనసీమ సంఘాలను దృష్టిలో పెట్టుకొని వ్రాస్తున్నామని మొదట ఎందుకు అన్నామో చెబుతాము. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. జిల్లా పేరు మార్పు విషయమై మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. వదంతులు వ్యాపించకుండా ప్రభుత్వం మొబైలు ఇంటర్నెట్టును నిలిపివేసింది. అది పూర్తిగా తిరిగి రావడానికి సుమారు రెండు వారాలు పట్టింది. ఇంటి నుండి పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సంకేతం వెతుక్కుంటూ జిల్లా ఎల్లలకు, గోదావరి గట్లకు వెళ్ళిన సంగతి పత్రికలలో వచ్చింది. ఆ సంఘటనల మంచిచెడ్డలు ఈ పత్రికకు సంబంధించినవి కావు. అవి మన సంఘాలకు నేర్పిన పాఠం మాత్రం మన విషయమే.

గేదెకు ఉత్తరువులతో పని లేదు. నెట్టు ఉన్నా లేకపోయినా ఉదయమూ సాయంత్రమూ పాలు ఇస్తూనే ఉంటుంది. పాలు విరగకుండా ఆగేది కొన్ని గంటలే. జీతగాడు రెండు వారాలు పని వాయిదా వేయగలడేమో గాని, పాడిరైతు ఒక పూట కూడా వాయిదా వేయలేడు.

మరొక సంగతి కూడా గమనించండి. ఇంటర్నెట్టు నిలుపుదలకు సంబంధించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఒక ఉత్తరువు గడువు 15 రోజులకు మించరాదు. మన పాల బిల్లు పది రోజులకో, పదిహేను రోజులకో ఒకసారి వస్తుంది. అంటే ఒక్క ఉత్తరువు కాలంలోనే ఒక పూర్తి బిల్లు గడచిపోవచ్చు. ఆ బిల్లు మీదనే దాణా బాకీ, పిల్లల ఫీజు, కిరాణా ఆధారపడి ఉంటాయి. కావున నెట్టు లేకుండా ఒక గంట గడపడం కాదు, పదిహేను రోజులు గడపడానికి సంఘం సిద్ధంగా ఉండాలి.

మొబైలు డేటా ఆగినంత మాత్రాన అన్నీ ఆగవన్న సంగతి కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. మాట్లాడే ఫోను వేరు, ఎస్.ఎం.ఎస్. వేరు, తీగమీద వచ్చే ఫైబరు వేరు. నిలుపుదల ఉత్తరువులో దేనిని ఆపారో చదవాలి. అన్నీ ఆగాయనుకొని చేతులు కట్టుకొని కూర్చోరాదు.

ఏది ఆగితే ఏమి చేయాలి?

కరెంటు పోయినప్పుడు: ఫైబరు పెట్టెను జనరేటరుకో, బ్యాటరీకో కలపాలి. సెల్ టవర్లు కూడా బ్యాటరీ, డీజిలు ఉన్నంతవరకే పనిచేస్తాయి. కనుక తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే అవసరమైన సమాచారాన్ని తెప్పించుకోవాలి.

మొబైలు డేటా ఆగి, ఫైబరు ఉన్నప్పుడు: పాల సాఫ్ట్‌వేరు పని ఫైబరు ద్వారా నడుస్తుంది. సభ్యులకు మాత్రం వాట్సాప్ చేరదు. నోటీసు బోర్డు మీద వ్రాయాలి, ఎస్.ఎం.ఎస్. పంపాలి.

ఫైబరు తెగి, మొబైలు డేటా ఉన్నప్పుడు: కార్యదర్శి ఫోనులోని హాట్‌స్పాట్ ద్వారా కంప్యూటరును నడుపుకోవచ్చు. పాల లెక్కలు అంకెలే కనుక డేటా స్వల్పంగానే ఖర్చవుతుంది.

రెండూ ఆగినప్పుడు: చాలా సాఫ్ట్‌వేర్లు నెట్టు లేకపోయినా లెక్కను కేంద్రంలోని కంప్యూటరులోనే దాచి, తిరిగి కలిసినప్పుడు పంపుతాయి. మీ కేంద్రంలోనిది అటువంటిదో కాదో ఇప్పుడే యూనియను సూపర్‌వైజరును అడిగి తెలుసుకోండి. అది లేనిచోట కాగితం రిజిస్టరే శరణ్యం. రిజిస్టరులో వ్రాసి, సభ్యుల పాస్‌పుస్తకంలో అదే అంకె వేసి, ఇద్దరూ సంతకం చేయాలి. పూట మొత్తం పాలు, సగటు వెన్న యూనియనుకు ఫోనులో చెప్పి, విన్నవారి పేరు, సమయం వ్రాసుకోవాలి.

బిల్లు చెల్లింపు ఆగినప్పుడు: బ్యాంకు శాఖల మధ్య పని తరచుగా వేరే తీగలమీద జరుగుతుంది. కనుక సభ్యుల మొబైలు డేటా ఆగినా సొమ్ము ఖాతాలలో పడే అవకాశం ఉన్నది. పడినదీ లేనిదీ బ్యాంకు ఎస్.ఎం.ఎస్. చూసో, శాఖకు వెళ్ళి పాస్‌బుక్కు వేయించుకొనో తెలుసుకోవచ్చు. బటన్ల ఫోనువారికి *99# ద్వారా నిల్వ చూసుకోవడం, ఒకసారికి రూ. 5,000 వరకు పంపడం అనే సౌకర్యం ఉన్నది. అన్ని బ్యాంకులలోనూ ఇది ఒకే రీతిగా పనిచేయదు కనుక అవసరం రాకముందే ఒక రూపాయి పంపి చూసుకోవాలి.

మోసాల గురించి హెచ్చరిక

వాట్సాప్ గ్రూపులలో ప్రభుత్వ పథకం పేరుతోనో, బ్యాంకు పేరుతోనో "ఏ.పి.కె." అనే మూడక్షరాలతో ముగిసే ఫైలు వస్తే దానిని ముట్టుకోవద్దు. అది ఫోనులో దూరి బ్యాంకు సందేశాలను దొంగిలిస్తుంది. తెలిసినవారి నంబరు నుండే రావచ్చు. వారి ఫోను అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది. "మీమీద కేసు ఉన్నది, వీడియోలో కదలకుండా కూర్చోండి" అని పోలీసు దుస్తులలో బెదిరించేవారు కూడా మోసగాళ్ళే. ఫోనులో అరెస్టు చేయడమనేది మన చట్టంలో లేదు. సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, తరువాత బ్యాంకుకు వెళ్ళాలి. గంట ఆలస్యమైతే సొమ్ము చేతులు మారిపోతుంది. సిగ్గుపడి దాచుకోవద్దు.

సంఘాలకు మనవి

రాబోయే పాలకవర్గ సమావేశంలో ఈ క్రింది అంశాలను అజెండాలో చేర్చి, తీర్మానం చేసి అమలు జరపవలసిందిగా కోరుతున్నాము.

(1) సంఘం వాడుతున్న సేవలన్నింటి జాబితా వ్రాయాలి. ఒక్కొక్కదానికి ఎదురుగా అది ఎవరి ఫోనుమీద, ఎవరి పేరున ఉన్నదో వేయాలి. సంఘం పేరున లేనివాటిని మార్చుకోవాలి.

(2) ప్రతి సభ్యుని, సభ్యురాలి నంబరు సరిచూడాలి. ఆ ఫోను వారి ఇంట్లోనే ఉన్నదా అని అడగాలి. లేకపోతే చీటీ తప్పనిసరిగా చేతికే ఇవ్వాలి.

(3) పదిహేను రోజులకు సరిపడా ఖాళీ రిజిస్టరు, చీటీల పుస్తకం, ధరల పట్టిక ముద్రించిన కాగితం కేంద్రంలో ఎల్లప్పుడూ ఉంచాలి. సభ్యుల పేర్లు, ఖాతా నంబర్ల జాబితాను నెలకొకసారి కాగితం మీద తీసి బీరువాలో పెట్టాలి.

(4) నెలకు ఒక పూట కావాలని ఇంటర్నెట్టు ఆపి, కాగితం మీద సేకరణ జరిపి చూడాలి. ఎక్కడ తడబడుతున్నారో ఆ పూటే తెలిసిపోతుంది.

(5) యూనియను సూపర్‌వైజరు, బ్యాంకు శాఖ, కరెంటు ఆఫీసు, ఫైబరు ఆపరేటరు, 1962, 1930 – ఈ నంబర్లను పెద్ద అక్షరాలతో గోడమీద వ్రాయించాలి. ఫోనులో మాత్రమే ఉన్న నంబరు ఫోను చచ్చిపోయిన రోజున పనికిరాదు.

వేసవిలో కాలువలు కట్టివేస్తారని మనకు తెలుసు. అందుకని కాలువను తిట్టుకొంటూ కూర్చోము. నీరు ఉన్నప్పుడే ఊరి మంచినీటి చెరువు నింపుకొంటాము. ఆ చెరువు నిండి ఉంటే కాలువ కట్టిన రోజులలో కూడా ఊళ్ళో కుండ ఖాళీ కాదు. సంఘానికి ఆ చెరువు రిజిస్టరు, పాస్‌పుస్తకం, చీటీ. ఇంటర్నెట్టు సేవలను నిండుగా వాడుకోండి, సభ్యులకు నేర్పించండి. దానితో పాటు చెరువు నింపి ఉంచండి. పాలు తెచ్చిన మనిషిని "నెట్టు లేదండి, రేపు రండి" అని వెనుకకు పంపే అవసరం మన సంఘాలలో ఏ పూటా రాకూడదని మా కోరిక.